తండ్రి అనుమతి, కూతురి సమ్మతి

వివాహమును గూర్చి మాటలాడని తెలుగు ఇల్లు లేదు. కాని వివాహమును గూర్చి వ్రాసిన గ్రంథములను శ్రద్ధతో చదివి, వానిలో చెప్పబడినదేమి, చెప్పక విడువబడినదేమి అని తరచి చూచు ఇండ్లు మాత్రము కొద్ది. షోలాపురము పూర్వభాగమున మగ్గముల చప్పుడు నడుమ పెరిగి, జీవితమంతయు ఒక కచేరిలో జమాఖర్చులు వ్రాసి విశ్రాంతి పొందిన ఈ వ్యాసకర్త పండితుడు కాడు. మెట్రిక్యులేషనుతో చదువు నిలిచిపోయినవాడు. అయినను పద్దును చదువునప్పుడు జమ, ఖర్చు అను రెండు ప్రక్కలను చదువవలెనను అలవాటు ఒక్కటి ఉద్యోగము నేర్పినది. ఆ అలవాటుతోనే కొన్ని గ్రంథములను ఇచట పరామర్శింపదలచినాను.

విషయమిది. కూతురు ఎవరితో మాటలాడవలెను, ఎవరిని ఇష్టపడవలెను, ఎవరిని పెండ్లాడవలెను అను మూడింటి మీదను తండ్రికి ఎంత అధికారము కలదు? మన పద్మశాలి కుటుంబములకు ఈ ప్రశ్న కొత్తది కాదు. కాని మన ఇండ్లలో ఇది ఆచారముగా నడుచుచున్నదే కాని సిద్ధాంతముగా వ్రాయబడలేదు. దీనిని సిద్ధాంతముగా వ్రాసి, అచ్చువేసి, లక్షలమందికి అందించినవారు అమెరికా దేశపు ఛాందస క్రైస్తవులు. వ్రాసిన మాటను పరీక్షించుట సులభము. వ్రాయని ఆచారమును పరీక్షించుట కష్టము. అందుచేత మొదట వారి గ్రంథమును చూచి, ఆ వెలుగున మన ఇంటిని చూచుకొనుట మేలు.

1993లో సదరన్ బాప్టిస్టు సంఘమువారు 'ట్రూ లవ్ వెయిట్స్' అను ఉద్యమమును ఆరంభించిరి. వివాహమగువరకు నియమముతో నుందుమని బాలబాలికలు ఒక పత్రముపై సంతకము చేయుట దాని పద్ధతి. 1997లో జాషువా హారిస్ అను యువకుడు, ఇరువదిమూడేండ్లైనను నిండనివాడు, 'ఐ కిస్డ్ డేటింగ్ గుడ్‌బై' అను గ్రంథమును ప్రకటించెను. యువతీయువకులు తమంత తాము జంటలుగా తిరుగుట మానవలెననియు, వివాహము తలపెట్టినప్పుడే, పెద్దల యెరుకతో పరిచయము పెంచుకొనవలెననియు ఆ గ్రంథసారము. 2000లో దానికి తరువాయిగా 'బాయ్ మీట్స్ గర్ల్' అనునది వెలువడెను. ఈ పద్ధతికి వారు పెట్టిన పేరు 'కోర్ట్‌షిప్'. దీనిని కఠినముగా పాటించు ఇండ్లలో యువకుడు మొదట కన్యను గాక కన్య తండ్రిని అడుగవలెను. తండ్రి ఔనన్న పిమ్మట ఇంటివారి ఎదుటనే ఆమెతో మాటలాడవలెను. చదువరులు నవ్వుకొనవచ్చును. మన పెండ్లిచూపులనే వారు సముద్రమునకు ఆవల తిరిగి కనిపెట్టి, ఆంగ్లమున పేరు పెట్టుకొనిరి!

1998లో కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున 'ప్యూరిటీ బాల్' అను వేడుక మొదలైనది. తండ్రియు కూతురును చక్కగా అలంకరించుకొని విందునకు వత్తురు. కూతురి శీలమునకు తానే కాపరినని తండ్రి ప్రమాణము చేసి పత్రమున సంతకము చేయును. ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. కాపలా కూతురికి; సంతకము తండ్రిది. కుమారునికి ఇట్టి వేడుక అక్కరలేకపోయినది. దోషము చేయువాడు ఎప్పుడును పొరుగింటి కుమారుడే యని ప్రతి తండ్రియు తలచును కాబోలు. కాని పొరుగింటివానికి మన కుమారుడే పొరుగింటి కుమారుడు.

విమర్శ యన్నప్పుడు ఎదుటివాని వాదమును బలముగా చెప్పి గాని ఖండింపరాదు. వారి వాదము ఇట్లుండును: యౌవనమున కన్ను మసకబారును. మోసగాండ్రు లోకమున కలరు. తండ్రి అనుభవము కలవాడు, స్వార్థము లేనివాడు, పురుషుల నడవడి పురుషునికే తెలియును. పెండ్లి ఇద్దరిది మాత్రమే కాదు, రెండు కుటుంబములది. కనుక తండ్రి తలుపునొద్ద నిలిచి చూచుట ప్రేమయే గాని నిర్బంధము కాదు. ఇందులో అబద్ధమని తోసివేయదగిన మాట ఒక్కటియు లేదు. కూతురు గల ఏ తండ్రియైనను ఈ మాటలకు తలయూచును. అయినను ప్రతి వాక్యము నిజమైనంత మాత్రమున ముగింపు నిజము కానక్కరలేదు. ప్రతి అంకెయు సరిగనే వేసి, మొత్తము తప్పిన పద్దులు కచేరీలలో ఎన్నియో కలవు.

ఫలితమేమైనదో చూతము. పీటర్ బేర్‌మన్, హన్నా బ్రూక్నర్ అను సమాజశాస్త్రజ్ఞులు ఇట్లు ప్రమాణపత్రములపై సంతకము చేసిన యువజనులను పరిశీలించి 2001లో తమ నిర్ణయములు ప్రకటించిరి. ప్రమాణము చేసినవారిలో కొందరు, కొన్ని పరిస్థితులలో, సగటున ఏడాదిన్నర కాలము ఎక్కువ నియమముతో ఉండిరనుట నిజమే. కాని నియమము తప్పిన నాడు వారు ఇతరులకంటె తక్కువ జాగ్రత్త తీసికొనిరి. 2005లో వారే మరల చూడగా, రోగముల విషయమున ప్రమాణము చేసినవారికిని చేయనివారికిని భేదము కానరాలేదు. కాపలాతో పెరిగినవారికి కాపలా తొలగిన నాడు ఏమి చేయవలెనో ఎవరును నేర్పలేదన్నమాట. ఇక ఆ గ్రంథకర్త సంగతి. తన గ్రంథమువలన నొచ్చిన పాఠకుల మాటలు విని, 2018లో ఆయన దాని ముద్రణ నిలిపివేయవలసినదిగా ప్రకాశకులను కోరెను. ఇరువదియొక్క యేండ్లు నడచిన పుస్తకమును వ్రాసినవాడే వెనుకకు తీసికొనుట గ్రంథచరిత్రలో అరుదు.

ఈ సిద్ధాంతమునకు వారు బైబిలును ప్రమాణముగా చూపుదురు. సంఖ్యాకాండము ముప్పదవ అధ్యాయమున, తండ్రి యింట నున్న కన్య చేసిన మ్రొక్కుబడిని తండ్రి రద్దుచేయవచ్చునని ఒక విధి కలదు. దానిని చూపి, కూతురి మాట తండ్రి మాటలోనిదే యందురు. అబ్రాహాము సేవకుడు యజమాని కుమారునికి కన్యను వెదకి తెచ్చిన కథను, పెద్దలు కుదిర్చిన వివాహమునకు ఆదర్శముగా చెప్పుదురు. ఆ కథ ఆదికాండము ఇరువదినాలుగవ అధ్యాయమున నున్నది. దానిని చివరివరకు చదివినచో, పెద్దలందరు ఒప్పుకొనిన పిమ్మటను రిబ్కాను పిలిచి, ఈ మనుష్యునితో వెళ్లుదువా యని ఆమెనే అడిగినట్లును, వెళ్లుదునని ఆమె బదులు చెప్పినట్లును స్పష్టముగా నున్నది. కొన్ని దినములు ఆగుమని తల్లియు అన్నయు కోరిన మాటయు అందే కలదు. తల్లి నోరు విప్పినది. కూతురు నోరు విప్పినది. సిద్ధాంతకర్తలు ఆ పుట మడిచిపెట్టిరి.

మరి అయిదు అధ్యాయములు ముందుకు పోయినచో లాబాను కనబడును. ఏడేండ్లు కొలువుచేసిన అల్లునికి రాహేలును ఇత్తునని చెప్పి, పెండ్లిరాత్రి లేయాను పంపి, మరి యేడేండ్ల చాకిరి రాబట్టిన తండ్రి యితడు. తండ్రి యధికారము దుర్వినియోగమైనచో ఏమగునో బైబిలే చూపుచున్నది. తరువాత ఆ ఇద్దరు కూతుళ్లును, తండ్రి తమను అమ్మి ఆ సొమ్ము తినివేసెనని పలికినట్లు ముప్పదియొకటవ అధ్యాయమున కలదు. కన్యాశుల్కమును గూర్చిన ఫిర్యాదు ఇంతకంటె పాతది నాకు కనబడలేదు.

సగము చదువుట క్రైస్తవులకు మాత్రమే కలిగిన జాడ్యము కాదు. స్త్రీని బాల్యమున తండ్రి, యౌవనమున భర్త రక్షింపవలెనను మనుస్మృతి వాక్యము మన పెద్దలలో తెలియనివారు లేరు. అదే తొమ్మిదవ అధ్యాయమున, ఈడు వచ్చిన కన్య మూడేండ్లు వేచి పిమ్మట తనకు తగిన వరుని తానే వరింపవచ్చునని చెప్పిన మాట ఎందరికి తెలియును? మన ఇండ్లలో కన్యలకు మంచి వరుడు దొరకవలెనని పోతన భాగవతమందలి రుక్మిణీకళ్యాణమును పారాయణము చేయింతురు. అది ఏమి కథ? అన్న కుదిర్చిన శిశుపాలుని కాదని, తాను కోరినవానికి బ్రాహ్మణునిచేత కబురంపిన కన్య కథ! పగలు ఆ పద్యములు చదివించి, రాత్రి కూతురి ఫోనును తండ్రి పరీక్షించుట మన దినచర్యలోని చిత్రము.

ఇప్పుడు మన పొరుగున పుట్టిన ఒక గ్రంథమునకు వత్తును. మన షోలాపురము జిల్లాకు సరిహద్దు అహమ్మదునగరము జిల్లా. నేడు దానిని అహిల్యానగరమనుచున్నారు. 1862లో అచట, క్రైస్తవమతము పుచ్చుకొనిన ఒక బ్రాహ్మణ కుటుంబమున కృపాబాయి జన్మించెను. బొంబాయిలో చదివి, మద్రాసు వైద్యకళాశాలలో చేరి, అనారోగ్యముచే ఆ చదువు విడిచి, 1883లో సామ్యుయేల్ సత్తియనాథన్ గారిని వివాహమాడి, 1894లో ముప్పదిరెండేండ్లకే గతించినది. ఆమె ఆంగ్లమున వ్రాసిన 'సగుణ' అను నవల 1887, 1888 సంవత్సరములలో మద్రాసు క్రిస్టియన్ కాలేజి పత్రికలో భాగములుగా వచ్చి, ఆమె మరణానంతరము 1895లో పుస్తకముగా వెలువడినది. అది చాలవరకు ఆమె స్వీయకథయే.

ఈ నవల గొప్పతనము తల్లిని, కూతురిని ప్రక్కప్రక్కన నిలుపుటలో నున్నది. తల్లి రాధ బాల్యమున పెండ్లియై అత్తవారింట మ్రగ్గినది. భర్త హరిశ్చంద్రుడు మతము మారదలచెను. ఆ నిర్ణయమున ఆమె పాలు లేదు. బంధువులు, ఆచారము, దైవము అన్నియు ఒక్కనాటితో విడిచి, ఇష్టము లేకయే భర్తవెంట నడచినది. రచయిత్రి తాను క్రైస్తవురాలై యుండియు, తండ్రిని భక్తితో తలచుచునే, తల్లి దుఃఖమును దాచలేదు. మతము మారినంత మాత్రమున ఇంటి యజమాని మారడని ఆ పుటలు చెప్పక చెప్పుచున్నవి. కూతురు సగుణ మాత్రము అన్న భాస్కరునివద్ద చదువు రుచి తెలిసికొని, ఊరు విడిచి, తన వృత్తిని తాను ఎన్నుకొనుటకు యత్నించినది. ఆమె వివాహము కథ చివరకు గాని రాదు. వచ్చినప్పుడు అది చదువుకొనిన ఇద్దరి కలయికగా వచ్చును. నవలలో లోపములు లేకపోలేదు. కొన్ని పుటలు కథ విడిచి ఉపదేశమున పడినవి. చివరి భాగము తొందరగా ముగిసినది. అయినను పెండ్లికి ముందు కూతురికొక జీవితము ఉండవలెనను మాటను, ఆ కాలమున, మన సీమకు ఇంత దగ్గర పుట్టిన స్త్రీ వ్రాసినదనుట మనకు గర్వకారణము.

అదే దశాబ్దమున తెలుగుదేశమున గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' పుట్టెను. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో పెంచి తిరిగి వ్రాయబడినది. దానిని వృద్ధవివాహములమీది ప్రహసనముగా చూచి నవ్వి విడిచిపెట్టుట మన యలవాటు. నా మనవి యేమనగా, అది తండ్రి కాపలా ఎట్లు విఫలమగునో చూపిన నాటకము. అగ్నిహోత్రావధానులు చండశాసనుడు. భార్య మాట వినడు. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు అమ్మజూపును. పెద్దకూతురు బుచ్చమ్మ విధవ, గడప దాటనిది. ఇంత కట్టుదిట్టమైన ఇంటిలోనికి గిరీశము ఎట్లు వచ్చెను? గోడ దూకి కాదు. కుమారునికి ఇంగ్లీషు చెప్పు గురువుగా, తండ్రి మర్యాదతోనే, ముందు తలుపునుండి వచ్చెను. పురుషుల నడవడి పురుషునికే తెలియునను వాదము ఇచట నేల కూలినది. మోసగాడు మొదట మోసగించినది కూతురిని కాదు, తండ్రిని. బుచ్చమ్మ సంగతి యేమి? అన్యపురుషునితో మాటలాడి ఎరుగనిది. మాటలో ఏది బంగారము, ఏది గిల్టు అని పోల్చుకొను అభ్యాసము లేనిది. మొదట మెత్తగా మాటలాడినవానిని నమ్మినది. ఆమె అమాయకత్వము గుణమని మెచ్చుకొనువారు, అది ఆ ఇంటి పెంపకము చేసిన గాయమని గ్రహింపరు. నాటకాంతమున సౌజన్యారావు పంతులు ఆమెను పూనాలోని విధవాశ్రమమునకు, అనగా చదువునకు, పంపదలచెనే గాని మరియొక కాపలాదారునికి అప్పగింపలేదు. మన స్టేషనునుండి పూనాకు పోవు బండి కేడ్‌గాఁవ్ మీదుగా పోవును. అచట పండిత రమాబాయి స్థాపించిన ముక్తిసదనము కలదు. ఆ మార్గమున పోవునప్పుడెల్ల నాకు బుచ్చమ్మ జ్ఞప్తికి వచ్చును.

గ్రంథములతోపాటు చట్టమును కూడ ఒక గ్రంథముగా చదువవలెను. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టమున 'మైనరు' అనగా ఇరువదియొక్క యేండ్లు నిండనివారు, విధవ గాని విధురుడు గాని కానివారు అని నిర్వచనము. పందొమ్మిదవ సెక్షను ప్రకారము అట్టివారి వివాహమునకు తండ్రి యనుమతి కావలెను; తండ్రి లేనిచో సంరక్షకునిది; సంరక్షకుడును లేనిచో తల్లిది. ఈ నాలుగు పంక్తులలో మూడు సంగతులు కలవు. ఒకటి, నవమాసములు మోసిన తల్లికి మూడవ స్థానము. రెండు, ఇరువదేండ్ల విధవ తన యిష్టముచే తిరిగి పెండ్లాడవచ్చును. ఇరువదేండ్ల కన్య ఆడరాదు. అనగా వివేకము వయస్సుతో వచ్చునని కాక, ఒకరి అధీనమునుండి విడివడుటతో వచ్చునని చట్టము తలచినట్లున్నది. మూడవది ముఖ్యము: చట్టము తండ్రికిచ్చినది కాదనుటకు అధికారమే గాని ఎన్నుకొనుటకు కాదు. అదియు ఇరువదియొకటవ యేట ముగియును. కూతురికెంతయో కుమారునికిని అంతే. ఛాందసులు ఆ కాదను హక్కును ఎన్నుకొను హక్కుగా పెంచిరి. కుమారుని విడిచి కూతురికి మాత్రమే బిగించిరి. ముగియవలసిన నాడు ముగియనీయలేదు.

ఇప్పటి న్యాయము మరింత స్పష్టము. 2018లో షఫీన్ జహాన్ కేసులో సర్వోన్నత న్యాయస్థానము, వయస్సు వచ్చిన స్త్రీ తనకు నచ్చినవానిని వివాహమాడుట రాజ్యాంగము ఇరువదియొకటవ అధికరణమున చెప్పిన జీవిత స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పినది. అదే సంవత్సరము సెప్టెంబరు 14న మన తెలంగాణములోని మిర్యాలగూడలో ఏమి జరిగినదో చదువరులకు తెలియును. దళిత క్రైస్తవ కుటుంబమునకు చెందిన యువకుని, గర్భవతియైన భార్య ఎదుటనే, ఆసుపత్రి వాకిట నరికివేసిరి. చంపించినవాడు ఆమె తండ్రి యని అభియోగము. విచారణ ముగియకమున్నే 2020లో ఆ తండ్రి మరణించెను. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణదండనయు, ఆరుగురికి యావజ్జీవమును విధించినది. కూతురిపై ప్రేమలేనివాడు అట్లు చేయడని అప్పుడు పలికినవారిని నేను విన్నాను. ఆ మాటయే నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినది. కాపలాకు హద్దు లేకున్నచో దాని చివరి మెట్టు అది. అందరును అంతవరకు పోరు, నిజమే. కాని అందరును ఎక్కునది ఆ మెట్లనే.

అదే తెలుగు నేలమీద, క్రైస్తవ గృహముననే, మరియొక తండ్రి కలడు. గుఱ్ఱము జాషువ 1895లో వినుకొండలో జన్మించెను. ఆయన తల్లిదండ్రులు వేర్వేరు కులములవారు, క్రైస్తవులు. అందుచేత బాల్యముననే రెండు వైపులనుండియు వెలి యనునదేమో ఎరిగెను. 'క్రీస్తు చరిత్ర' వ్రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమానమందిన కవి యాయన. ఆయన కుమార్తె హేమలత 1960లో, నాస్తికోద్యమ నాయకుడైన గోరా కుమారుడు లవణమును వివాహమాడెను. క్రీస్తును కీర్తించిన కవి కూతురు. దేవుడే లేడనిన పెద్దమనిషి కోడలు! ఆ పెండ్లికి కులము గాని మతము గాని గోడ కాలేదు. తరువాత ఆమె జోగిని దురాచారము మాన్పుటకును, స్టూవర్టుపురమున నేరస్థులుగా ముద్రపడినవారి సంస్కరణమునకును భర్తతోగూడి పాటుపడినది. అమెరికా గ్రంథకర్త పేరును, మన కవి పేరును ఒక్కటే. కాని ఒకరు చెప్పినది నియమము, రెండవవారి యింట జరిగినది విశ్వాసము. నమ్మి పెంచిన బిడ్డను నమ్మి విడుచుట అను రెండవ పనికే మొదటి పనికంటె ధైర్యము హెచ్చు కావలెను.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. తామే కోరి చేసికొనిన పెండ్లిండ్లు చెడిపోవుట లేదా? చెడుచున్నవి. పెద్దలు కుదిర్చినవియు చెడుచున్నవి. ఏవి ఎన్ని చెడినవను లెక్కతో ఈ ప్రశ్న తేలదు. కచేరిలో ఒక నియమము కలదు: ఏ వౌచరుపై ఎవరు సంతకము చేసిరో బాధ్యత వారిది. నలువది, ఏబది యేండ్లు ఆ కాపురము చేయవలసినది కూతురు. అత్తవారింట తిట్లు పడినను, కష్టము పడినను, సుఖపడినను ఆమెయే. భారము ఒకరిది, సంతకము మరియొకరిది యగుట ఏ పద్దులోను చెల్లదు. తండ్రి సలహా చెప్పవచ్చును, విచారించి తెలిసినది దాచక చెప్పవచ్చును, దుఃఖింపవచ్చును. అది అతని హక్కు, ధర్మము కూడ. కాని సలహా వేరు, సంతకము వేరు.

ఇక మన పేటల సంగతి. మన తాతలు తెలంగాణమునుండి మగ్గముతో, మాటతో ఇచటికి వచ్చిరి. 1877లో నెలకొన్న మొదటి మిల్లు నాటినుండి మరమగ్గముల తువాళ్ల వరకు, షోలాపురపు దుప్పటికి పేరు తెచ్చిన చేతులలో మనవి ముఖ్యమైనవి. ఆ కాలమంతయు మన స్త్రీలు అరుగులమీద బీడీలు చుట్టి ఇల్లు నిలిపిరి. 2006లో కుంభారి వద్ద స్త్రీ బీడీకార్మికుల సహకార సంఘమునకు 10,000కు పైగా ఇండ్లు దక్కినవి. ఇంటి సంఘమున సభ్యురాలు కాగల స్త్రీ, కూతురి సంబంధము మాటలాడునప్పుడు వంటయింటి గడపలో నిలుచుట న్యాయమా? ఆకు కత్తిరించి, కట్టలు కట్టి, కూలి తెచ్చి ఇచ్చుచున్న కూతురు, తన పెండ్లి మాట చుట్టములనోట వినుట న్యాయమా?

మన కాపలాకు అమెరికావారికి లేని కారణమొకటి కలదు. దానిని దాచనక్కరలేదు. మనము ఇచట కొద్దిమందిమి. చుట్టును మరాఠీ, కన్నడము. బిడ్డ పరభాషవారింటికి పోయినచో ఆమె పిల్లలు తెలుగు మరతురనియు, నాలుగు తరములు కాపాడిన మాట మన చేతులలోనే పోవుననియు భయము. ఈ భయము నాకును కలదు. దీనిని చులకన చేయను. కాని ఒక ప్రశ్న. భాషను కాచు భారము కూతురి మెడకు మాత్రమే ఎందుకు కట్టితిమి? మన కుమారులలో ఎందరు తెలుగు చదువగలరు? ఇంటి పేరు, గోత్రము తప్పక అడుగు సంబంధములవారు, పిల్లవానికి తెలుగు అక్షరములు వచ్చునా యని ఎప్పుడైన అడిగిరా? తెలుగుమీది ప్రేమ నిజమైనచో అది బడిలో, పఠనమందిరమున, భోజనపు పీటలవద్ద కనబడవలెను. పెండ్లిపీటలవద్ద మాత్రమే కనబడినచో అది భాషాభిమానము కాదు, కులాభిమానము భాష చీర కట్టుకొని వచ్చినది.

మగ్గమెరిగినవారికి ఒక మాట చెప్పుదును. పడుగు వదులుగా నున్నచో బట్ట కుదరదు. మితిమించి బిగించినచో పోగు తెగును. తెగిన పోగును ముడి వేయవచ్చును గాని ముడి కనబడక మానదు. బిగువెంతయో చేతికి తెలియుటయే పనితనము.

విమర్శ వ్రాసినవాడు ఏమి చేయవలెనో కూడ చెప్పవలెనను వారికొరకు నాలుగు మాటలు. సంబంధము వచ్చినప్పుడు, జాతకమునకు ముందు, కట్నపు మాటకు ముందు, కూతురిని ఒంటరిగా, తల్లి ఎదుట అడుగుడు. ఆమె కాదన్నచో కారణమడుగక ఆ మాట నిలుపుడు. కారణము చెప్పలేకపోవుట సమ్మతి కాదు. చూడవచ్చిన పిల్లవానితో ఆమె నాలుగుసార్లు మాటలాడనిండు; మాటలాడిననే గదా గిల్టు తెలియుట. ఆమె సంపాదన ఆమె పేరిట బ్యాంకులో నుంచుడు. కుమారునికి పెట్టని నియమమును కూతురికి పెట్టకుడు. ఆమెయే ఒకని పేరు చెప్పినచో, కులము అడుగకమున్ను అతని నడవడి, పని, అలవాట్లు విచారింపుడు. మీ అనుభవమునకు నిజముగా పనియుండునది అచటనే.

రిబ్కాను అడిగిరి. రుక్మిణి అడుగకయే చెప్పినది. రాధను ఎవరును అడుగలేదు. బుచ్చమ్మకు ఏమి అడుగవలెనో తెలియనీయలేదు. మన పేటలలో ఈ యేడు పెండ్లి కావలసిన బిడ్డలు ఎందరో కలరు. వారు ఈ నలుగురిలో ఎవరి పంక్తిని నిలువవలెనో నిర్ణయించునది గ్రంథములు కావు, చట్టములు కావు, ఇంటింట తండ్రులే. ఆ ఒక్క నిర్ణయము మాత్రము నిక్కముగా తండ్రిదే.